రౌటర్ లాగ్‌ల వడపోత ఎక్కడ జరగాలి? తీవ్రత స్థాయిలు, సిస్‌లాగ్ సర్వర్‌పై విశ్లేషణ

సంక్షిప్తంగా: రౌటర్ తనలో జరిగే సంఘటనల గురించి వెలువరించే సందేశాలే లాగ్‌లు, వాటిని పంపి సేకరించే పద్ధతి సిస్‌లాగ్. అలా వెలువడే ప్రతి సందేశానికీ 0 నుంచి 7 వరకు ఒక తీవ్రత అంకె ఉంటుంది. ఆ అంకెను నిర్ణయించేది సాఫ్ట్‌వేర్ రాసినవారే తప్ప నెట్‌వర్క్ నడిపేవారు కాదు. అందువల్ల కన్సోల్ (రౌటర్‌కు నేరుగా తీగతో కలిపే తెర) దగ్గర బిగువుగా, సర్వర్ వైపు వదులుగా స్థాయిని పెట్టి, అసలు వడపోతను సర్వర్‌లో చేసుకోవడం మేలు. రవాణా పద్ధతి, గడియారం, మూల చిరునామా సరిగా లేకపోతే సర్వర్‌కు చేరిన లాగ్‌లు కూడా సాక్ష్యంగా నిలబడవు.

రాత్రివేళ ఒక లింకు అరగంటసేపు పడిపోయి మళ్లీ లేస్తుంది. తెల్లవారాక కారణం వెతికితే ఆ సమయంనాటి సందేశం రౌటర్‌లో ఒక్కటీ కనిపించదు. రౌటర్ మెమరీలో సందేశాలు నిలిచే చోటు, అంటే బఫర్, నిండి పాతవి చెరిగిపోయి ఉండవచ్చు. మధ్యలో రౌటర్ రీబూట్ అయి ఉండవచ్చు. ఆ సందేశం నమోదు కావడానికే వీల్లేనట్టు స్థాయిని పెట్టి ఉండవచ్చు. నెట్‌వర్క్ నిర్వహణలో ఇది తరచూ ఎదురయ్యే చిక్కు. లాగ్‌లను వేరే యంత్రానికి, అంటే సిస్‌లాగ్ సర్వర్‌కు పంపడమే దీనికి మార్గమని అందరికీ తెలుసు. అయితే సర్వర్ ఉన్న చోట్ల కూడా కావలసిన సందేశం దొరకని సందర్భాలు తక్కువేమీ కాదు. అటువంటప్పుడు లోపం చాలాసార్లు సర్వర్‌లో ఉండదు. రౌటర్‌లో ఎంచుకున్న ఒక్క అంకెలో ఉంటుంది.

## చిన్న అంకె, పెద్ద ప్రమాదం

సిస్‌లాగ్ పుట్టింది 1980లలో. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఎరిక్ ఆల్‌మన్ సెండ్‌మెయిల్ అనే ఈమెయిల్ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో భాగంగా దీన్ని రాశారు. ఇతర ప్రోగ్రాములు కూడా దీన్నే వాడుకోవడంతో యూనిక్స్ వ్యవస్థలంతటా వ్యాపించి, అక్కడి నుంచి రౌటర్లు, స్విచ్‌లు, ఫైర్‌వాల్‌లకు చేరింది. ఇంతగా వాడుకలో ఉన్నా దీని వివరాలు ఇంటర్నెట్ సాంకేతిక పత్రాల వరుసలో ఆర్‌ఎఫ్‌సీ 3164గా నమోదైంది 2001 ఆగస్టులోనే. అదీ ప్రమాణంగా కాదు, అప్పటికే నడుస్తున్న పద్ధతిని వర్ణించే పత్రంగా. అసలు ప్రమాణం ఆర్‌ఎఫ్‌సీ 5424 పేరుతో 2009 మార్చిలో వచ్చింది. అప్పటికే ప్రతి తయారీదారూ తనకు తోచిన రూపంలో సందేశాలు పంపడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. నేటికీ వేర్వేరు కంపెనీల లాగ్‌లు ఒకే మూసలో ఒదగకపోవడానికి ఈ ఆలస్యం ఒక ప్రధాన కారణం.

తీవ్రత స్థాయిలు మాత్రం అంతటా ఒకటే. 0 అంటే ఎమర్జెన్సీ, వ్యవస్థ పనికిరాని స్థితి. 1 అలర్ట్, 2 క్రిటికల్, 3 ఎర్రర్, 4 వార్నింగ్. 5 అంటే నోటీస్, మామూలు సంఘటనే అయినా గమనించదగినది. 6 సమాచారం కోసం. 7 డీబగ్, లోపాన్ని వెతికేటప్పుడు మాత్రమే అవసరమయ్యే సూక్ష్మ వివరం. అంకె తగ్గేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది. రౌటర్‌లో ఒక స్థాయిని పెడితే ఆ అంకెతో పాటు దానికన్నా చిన్న అంకెలున్నవన్నీ దాటుతాయి. 4 అని పెడితే 0 నుంచి 4 వరకు వెళ్తాయి, 5, 6, 7 ఆగిపోతాయి.

కొత్తవారు తడబడేది ఇక్కడే. లాగింగ్ స్థాయిని ‘పెంచండి’ అని ఎవరైనా చెబితే అంకెను పెంచాలా, తీవ్రతను పెంచాలా అన్నది తేలదు. ఒకదానితో సందేశాలు ఎక్కువవుతాయి, మరొకదానితో తగ్గుతాయి. కాబట్టి బృందంలో ఆదేశాలు ఇచ్చేటప్పుడు పెంచడం, తగ్గించడం అనే మాటలు మానేసి ‘సర్వర్‌కు 5 వరకు’ అని అంకెతోనే చెప్పుకుంటే గందరగోళం ఉండదు.

## ఆ అంకెను ఎవరు వేశారు?

మొత్తం విషయానికి కీలకం ఈ ప్రశ్నే. సందేశం పక్కనున్న అంకె నెట్‌వర్క్‌కు కలిగిన నష్టాన్ని కొలిచి వేసినది కాదు. రౌటర్ సాఫ్ట్‌వేర్‌లో ఆ భాగాన్ని రాసిన ఇంజినీరు, పరికరం ఆరోగ్యాన్ని దృష్టిలో పెట్టుకుని ముందే నిర్ణయించినది. పరికరానికి మామూలుగా కనిపించే సంఘటన సంస్థకు అత్యవసరం కావచ్చు. దీనికి విరుద్ధంగా జరగడమూ ఉంది.

సిస్కో రౌటర్లను నడిపే ఐఓఎస్ సాఫ్ట్‌వేర్ సందేశాలను పరిశీలిస్తే ఇది స్పష్టమవుతుంది. ఆ వ్యవస్థలో ప్రతి సందేశం శాతం గుర్తుతో మొదలవుతుంది. మొదట అది పుట్టిన భాగం పేరు, తర్వాత తీవ్రత అంకె, ఆ తర్వాత సంఘటన సంకేతం ఉంటాయి. ఇంటర్‌ఫేస్, అంటే రౌటర్‌కు లింకు కలిసే చోటు, పడిపోయినప్పుడు వచ్చేది లింక్-3-అప్‌డౌన్. అదే ఇంటర్‌ఫేస్ తిరిగి లేచినప్పుడు వచ్చేది కూడా లింక్-3-అప్‌డౌనే. మంచి వార్తకూ చెడు వార్తకూ ఎర్రర్ స్థాయే. కానీ సంస్థ లోపలి మార్గాలను రౌటర్లు పంచుకునే ఓఎస్‌పీఎఫ్ పద్ధతిలో పొరుగు రౌటర్‌తో సంబంధం తెగితే వచ్చే సందేశం 5వ స్థాయిది. బయటి నెట్‌వర్క్‌లతో మార్గాలు పంచుకునే బీజీపీలో పొరుగు సంబంధం తెగిపోయినా 5వ స్థాయే. బయటి ప్రపంచంతో ఉన్న ఏకైక బీజీపీ సంబంధం తెగిపోయి సంస్థ మొత్తానికి ఇంటర్నెట్ ఆగిపోయినా, రౌటర్ దృష్టిలో అది ‘మామూలే, కానీ గమనించదగినది’ అనే కోవలోకే వస్తుంది.

భద్రత విషయంలో పరిస్థితి ఇంకా ఆందోళన కలిగించేలా ఉంటుంది. లాగిన్ ప్రయత్నాలను నమోదు చేయమని ఐఓఎస్‌కు చెప్పవచ్చు. అలా చెప్పినప్పుడు విఫలమైన లాగిన్ 4వ స్థాయిలో, సఫలమైన లాగిన్ 5వ స్థాయిలో వస్తాయి. సర్వర్‌కు పంపే స్థాయిని 4 దగ్గర ఆపేసిన రౌటర్ మీద ఎవరైనా పాస్‌వర్డ్‌లను వరుసగా ప్రయత్నిస్తూ పోయారనుకుందాం. విఫలమైన ప్రయత్నాలన్నీ సర్వర్‌లో కనిపిస్తాయి. చివరకు సఫలమైన ఒక్కటి మాత్రం కనిపించదు. లాగ్ చూసినవారికి దాడి చేసినవాడు విసిగి వెళ్లిపోయినట్టే అనిపిస్తుంది. ఆ తర్వాత అతడు లోపలికి వచ్చి కాన్ఫిగరేషన్ మార్చితే వెలువడే సిస్-5-కాన్ఫిగ్-ఐ సందేశం కూడా 5వ స్థాయిదే, కాబట్టి అదీ చేరదు.

‘వార్నింగ్ వరకు చాలు, మిగతాది చెత్త’ అన్న అలవాటు నెట్‌వర్క్ నిర్వహణలో బాగా పాతుకుపోయింది. సందేశాల సంఖ్య తగ్గుతుంది కాబట్టి అది పొదుపుగా కనిపిస్తుంది. కానీ ఎవరు లోపలికి వచ్చారు, ఏం మార్చారు, ఏ పొరుగు సంబంధం ఎప్పుడు తెగింది అన్న మూడు ప్రశ్నలకూ సమాధానం 5వ స్థాయిలోనే ఉంది. దాన్ని రౌటర్ దగ్గరే పారేస్తే ఎంత మంచి సర్వర్ పెట్టినా తిరిగి రాదు.

మరి 6వ స్థాయి సంగతేమిటి? సందేశాల పరిమాణం నిజంగా పెరిగేది ఇక్కడే. యాక్సెస్ లిస్టులో, అంటే ఏ ప్యాకెట్లను అనుమతించాలో, ఏవి ఆపాలో చెప్పే జాబితాలో, ఒక నిబంధన చివర లాగ్ అన్న మాట చేర్చితే, దానికి తగిలిన ప్యాకెట్ల వివరాలు ఐఓఎస్‌లో 6వ స్థాయిలో వస్తాయి. మొదటి ప్యాకెట్‌కు వెంటనే ఒక సందేశం, ఆపై సుమారు 5 నిమిషాలకోసారి మొత్తం లెక్క. ఇంటర్నెట్‌కు ఎదురుగా ఉన్న రౌటర్‌లో ఇలాంటి నిబంధనలు నాలుగైదు ఉన్నా సందేశాలు వెల్లువెత్తుతాయి. పైగా అలా నమోదు చేయాల్సిన ప్యాకెట్లను రౌటర్ వేగవంతమైన దారిలో కాక ప్రాసెసర్ ద్వారా నడపాల్సి వస్తుంది. కాబట్టి పరిమాణం గురించి ఆందోళన ఉంటే స్థాయిని కోసేయడం కన్నా ఏ నిబంధనకు లాగ్ తగిలించాలో ఆలోచించడం ఫలితమిస్తుంది.

## ఒకే సందేశం, నాలుగు గమ్యాలు

చాలామంది ‘రౌటర్ లాగింగ్ స్థాయి’ అని ఏకవచనంలో మాట్లాడతారు. నిజానికి ఐఓఎస్‌లో స్థాయి ఒక్కటి కాదు, ప్రతి గమ్యానికీ విడిగా ఉంటుంది. కన్సోల్ తీగకు ఒకటి, దూరం నుంచి లాగిన్ అయిన తెరలకు ఒకటి, రౌటర్ మెమరీలోని బఫర్‌కు ఒకటి, సిస్‌లాగ్ సర్వర్‌కు ఒకటి. సర్వర్ స్థాయిని నిర్ణయించే ఆదేశం పేరు లాగింగ్ ట్రాప్. దాన్ని ముట్టుకోకుండా వదిలేస్తే 6 వరకు పంపుతుంది. కన్సోల్‌కు మాత్రం 7 వరకు, అంటే డీబగ్‌తో సహా అన్నీ వెళ్తాయి. డీబగ్ ఆన్ చేసినా సర్వర్‌లో ఏమీ కనిపించడం లేదన్న ఫిర్యాదుకు కారణం ఈ తేడాయే.

ఈ నాలుగింటిలో అతి ప్రమాదకరమైనది కన్సోల్. దాని వేగం సాధారణంగా సెకనుకు 9,600 బిట్లు. ప్రతి అక్షరానికీ మొదలు, ముగింపు గుర్తులతో కలిపి 10 బిట్లు పడతాయి కాబట్టి సెకనుకు 960 అక్షరాలే వెళ్లగలవు. సుమారు 100 అక్షరాల సందేశాలైతే సెకనుకు తొమ్మిదో పదో. ఇప్పుడు ఒక లింకు ఊగిసలాడుతూ వెయ్యి సందేశాలు పుట్టించిందనుకుందాం. అవన్నీ కన్సోల్ మీద అచ్చయ్యేసరికి వంద సెకన్లు దాటిపోతాయి. అక్షరాలను ఒక్కొక్కటిగా బయటకు నెట్టే ఆ పని ప్రాసెసర్ మీదే పడుతుంది. రౌటర్ ఇబ్బందుల్లో ఉన్నప్పుడే సందేశాలు ఎక్కువగా పుడతాయి, సరిగ్గా అప్పుడే లాగింగ్ కూడా దాని మీద భారం మోపుతుంది. ఈ భారంతో పొరుగు రౌటర్లకు పంపాల్సిన పలకరింపు ప్యాకెట్లు ఆలస్యమైతే ఆ సంబంధాలు కూడా తెగవచ్చు, దానితో మరిన్ని సందేశాలు పుడతాయి.

అందుకే కన్సోల్ స్థాయిని 2 లేదా 3 దగ్గర ఆపడం, లేదా కన్సోల్ లాగింగ్‌ను పూర్తిగా నిలిపివేయడం మంచి పద్ధతి. పూర్తిగా తీసేస్తే నెట్‌వర్క్ అందనప్పుడు తీగ పట్టుకుని వచ్చిన ఇంజినీరుకు తెర మీద వెంటనే ఏమీ కనిపించదు. బఫర్ తగినంత పెద్దదిగా ఉంటే ఆ లోటు పూడుతుంది. సెకనుకు ఇన్ని సందేశాలకు మించవద్దని హద్దు పెట్టే లాగింగ్ రేట్-లిమిట్ ఆదేశం కూడా ఉంది. తీవ్రమైన సందేశాలకు ఆ హద్దు వర్తించకుండా మినహాయించే వీలు అందులోనే ఉంది.

బఫర్ చాలా ఐఓఎస్ పరికరాల్లో మొదట 4,096 బైట్లే. 100 బైట్ల సందేశాలు నలభైకి మించి పట్టవు. లింకు ఒక నిమిషం ఊగితే చాలు, అంతకు ముందు చరిత్ర తుడిచిపెట్టుకుపోతుంది. దాన్ని కొన్ని లక్షల బైట్లకు పెంచినా నేటి రౌటర్ల మెమరీకి పెద్ద భారం కాదు. అయినా రీబూట్‌తో బఫర్ ఖాళీ అవుతుంది. రౌటర్ ఎందుకు రీబూట్ అయిందో తెలుసుకోవాలంటే కావలసిన చివరి సందేశాలు ఆ రీబూట్‌తోనే పోతాయి. సర్వర్ అవసరాన్ని తేల్చిచెప్పే కారణం ఇదొక్కటి చాలు.

డీబగ్ సందేశాలను సర్వర్‌కు పంపేటప్పుడు ఒక ప్రత్యేకమైన ప్రమాదం పొంచి ఉంటుంది. రౌటర్ పంపే ప్రతి ఐపీ ప్యాకెట్‌నూ చూపించే డీబగ్‌ను ఆన్ చేసి, ట్రాప్ స్థాయిని 7 చేశారనుకుందాం. ఒక ప్యాకెట్ గురించి ఒక డీబగ్ సందేశం పుడుతుంది. దాన్ని సర్వర్‌కు చేర్చడానికి రౌటర్ మరో ప్యాకెట్ పంపాలి. ఆ ప్యాకెట్ గురించి ఇంకో డీబగ్ సందేశం పుడుతుంది. ఈ వలయానికి అంతం లేదు. డీబగ్‌ను బఫర్‌కే పరిమితం చేసి, యాక్సెస్ లిస్టుతో సంకుచితం చేసి, పని అయిన వెంటనే ఆపేయాలన్న నియమం అందుకే వచ్చింది.

## సర్వర్‌కు చేరే ప్యాకెట్‌లో ఏముంటుంది

ప్రతి సిస్‌లాగ్ సందేశం మొదట్లో కోణపు కుండలీకరణాల మధ్య ఒక అంకె ఉంటుంది. 189 అనో 187 అనో కనిపించే ఆ అంకె తీవ్రతనూ ఫెసిలిటీనీ కలిపి చెబుతుంది. ఫెసిలిటీ అంటే సందేశం ఏ రకం మూలం నుంచి వచ్చిందో సూచించే సంఖ్య. 0 నుంచి 23 వరకు 24 ఫెసిలిటీలు ఉన్నాయి. ఫెసిలిటీని 8తో గుణించి తీవ్రతను కలిపితే ఆ అంకె వస్తుంది. ఐఓఎస్ మొదటి నుంచీ వాడేది లోకల్7, దాని సంఖ్య 23. 23ను 8తో గుణిస్తే 184, దానికి 5 కలిపితే 189. అంటే 189తో మొదలయ్యే సందేశం లోకల్7 నుంచి వచ్చిన నోటీస్. 187 అయితే ఎర్రర్.

లోకల్0 నుంచి లోకల్7 వరకు ఉన్న ఎనిమిదింటినీ నిర్వాహకుల ఇష్టానికి వదిలేశారు. రౌటర్లకు ఒకటి, స్విచ్‌లకు ఒకటి, ఫైర్‌వాల్‌లకు ఒకటి కేటాయిస్తే సర్వర్‌లో వాటిని వేర్వేరు ఫైళ్లకు మళ్లించడం సులభం. మార్చకుండా వదిలేస్తే వచ్చే ఒక చిక్కు కూడా ఉంది. రెడ్ హ్యాట్ కుటుంబానికి చెందిన లైనక్స్‌లలో లోకల్7 సందేశాలు మొదటి అమరికగా బూట్ లాగ్ ఫైలులోకి వెళ్తాయి. రౌటర్ లాగ్ రావడం లేదని గంటలకొద్దీ వెతికేవారికి, అది సర్వర్ సొంత బూట్ సందేశాల మధ్య కలిసిపోయి దొరుకుతుంది.

## యూడీపీ: పంపడమే తప్ప అందిందో లేదో తెలియదు

సంప్రదాయ సిస్‌లాగ్ యూడీపీ అనే రవాణా పద్ధతిలో 514 పోర్టు మీద నడుస్తుంది. ముందుగా కనెక్షన్ ఏర్పడదు, అందినట్టు రసీదు రాదు, పోయినదాన్ని మళ్లీ పంపడమూ ఉండదు. రౌటర్‌కు ఇది తేలిక. సర్వర్ ఉన్నా లేకపోయినా అది తన పని తాను చేసుకుపోతుంది. కానీ నష్టం జరిగినప్పుడు ఎవరికీ తెలియదు.

ఆ నష్టం యాదృచ్ఛికంగా జరగదన్నది గమనించాల్సిన విషయం. మామూలు రోజున సందేశాలన్నీ చేరతాయి. నెట్‌వర్క్ తలకిందులైన నిమిషంలోనే పోతాయి. సర్వర్‌కు దారితీసే లింకు పడిపోతే, అది పడిపోయిందన్న సందేశం వెళ్లాల్సింది కూడా ఆ లింకు మీదుగానే. లింకు లేచిన తర్వాత మార్గాలు స్థిరపడేవరకు, పక్క పరికరం చిరునామా తెలిసేవరకు పంపిన మొదటి కొన్ని సందేశాలకూ అదే గతి. అనేక రౌటర్లు ఒకేసారి గగ్గోలు పెట్టినప్పుడు సర్వర్ కెర్నల్‌లోని స్వీకరణ బఫర్ పొంగిపొర్లితే, అక్కడిదాకా వచ్చినవి కూడా ఫైలుకెక్కకుండా పోతాయి. మిగతా ట్రాఫిక్‌తో సంబంధం లేని ప్రత్యేక నిర్వహణ నెట్‌వర్క్ ద్వారా లాగ్‌లను పంపాలనడానికి ఆధారం ఇదే.

ప్యాకెట్లు అందినట్టు రసీదు తీసుకునే టీసీపీ పద్ధతితో పంపితే దారిలో పోయిన ప్యాకెట్లు మళ్లీ వెళ్తాయి. అయినా సంపూర్ణ భరోసా రాదు. కనెక్షన్ హఠాత్తుగా తెగినప్పుడు పంపే బఫర్‌లో మిగిలినవి పోవచ్చు. సిస్‌లాగ్‌లో ‘ఈ సందేశాన్ని భద్రపరిచాను’ అని సర్వర్ తిరిగి చెప్పే ఏర్పాటు లేదు. ఆర్‌సిస్‌లాగ్ అనే సిస్‌లాగ్ సర్వర్ సాఫ్ట్‌వేర్ రూపకర్తలు రెల్ప్ అనే వేరే ప్రోటోకాల్‌ను తయారు చేసింది ఈ లోటు తీర్చడానికే. అది సర్వర్ల మధ్య రవాణాకు ఉపయోగపడుతుంది. రౌటర్ నుంచి దగ్గరలోని సర్వర్‌కు మామూలు సిస్‌లాగ్, అక్కడి నుంచి కేంద్ర సర్వర్‌కు రెల్ప్ అనే అమరిక పెద్ద నెట్‌వర్క్‌లకు తగినది.

టీసీపీకి మరో కోణం ఉంది. సిస్కో ఏఎస్‌ఏ ఫైర్‌వాల్‌లో టీసీపీ ద్వారా లాగ్‌లు పంపమని అమర్చి, ఆ సర్వర్ పనిచేయడం ఆగిపోతే, ఫైర్‌వాల్ మొదటి అమరికలో కొత్త కనెక్షన్లనే అనుమతించదు. నమోదు కానిది నడవకూడదన్న భద్రతా సూత్రం దాని వెనుక ఉంది. ఈ సంగతి తెలియని చోట లాగ్ సర్వర్‌లో డిస్క్ నిండి అది ఆగిపోతే, సంస్థ మొత్తానికి నెట్‌వర్క్ ఆగినట్టు కనిపిస్తుంది. సర్వర్ లేకపోయినా ట్రాఫిక్‌ను సాగనివ్వమనే ఆదేశం విడిగా ఉంది. రెండింటిలో ఏది కావాలో ముందే నిర్ణయించుకోవాలి.

యూడీపీలోనూ మామూలు టీసీపీలోనూ సందేశాలు తెరిచిన కాగితాల్లా వెళ్తాయి. దారిలో ఉన్నవారు చదవగలరు. యూడీపీలోనైతే ఇంకొకరి చిరునామాతో నకిలీ సందేశాలు పంపడమూ కష్టం కాదు. ఇతరులు చదవలేని రూపంలోకి మార్చి పంపే టీఎల్‌ఎస్ ద్వారా 6514 పోర్టు మీద పంపే పద్ధతిని ఆర్‌ఎఫ్‌సీ 5425 నిర్దేశించింది. సర్టిఫికెట్ల నిర్వహణ అదనపు పని. లాగ్‌లు బహిరంగ ఇంటర్నెట్ మీదుగా ప్రయాణించాల్సి వస్తే ఆ శ్రమ తప్పదు. మూసిన నిర్వహణ నెట్‌వర్క్‌లోనైతే 514 పోర్టును తెలిసిన రౌటర్ల చిరునామాలకే తెరిచి ఉంచడం కనీస జాగ్రత్త.

## ఎప్పుడు, ఎక్కడి నుంచి

రెండు రౌటర్ల లాగ్‌లను పక్కపక్కన పెట్టి ఏది ముందు పడిందో తేల్చాలంటే గడియారాలు కలవాలి. నెట్‌వర్క్ మీదుగా సమయాన్ని అందించే ఎన్‌టీపీ ద్వారా అన్ని పరికరాలనూ ఒకే సమయానికి తేవడం, సందేశాల్లో మిల్లీసెకన్లు, టైమ్ జోన్ చేర్చడం, వీలైతే అన్నిటినీ యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంచడం తప్పనిసరి. పాత పద్ధతి సమయ ముద్రలో నెల, తేదీ, గంట, నిమిషం, సెకను మాత్రమే ఉంటాయి. సంవత్సరం ఉండదు, టైమ్ జోన్ ఉండదు. ఆర్‌ఎఫ్‌సీ 5424 ఈ లోపాన్ని సరిదిద్దింది, కానీ పాత రూపంలోనే పంపే పరికరాలు ఇంకా విస్తారంగా ఉన్నాయి. కాబట్టి సర్వర్ తనకు సందేశం అందిన సమయాన్ని కూడా పక్కనే రాసుకునేలా అమర్చాలి.

ఐఓఎస్ లాగ్‌లో సమయానికి ముందు నక్షత్రం గుర్తు కనిపిస్తే ఆ గడియారాన్ని నమ్మలేమని రౌటరే చెబుతున్నట్టు. చుక్క కనిపిస్తే ఒకప్పుడు సమయం సరిగా ఉండి, ప్రస్తుతం ఎన్‌టీపీతో సంబంధం తెగిందని అర్థం. కంటికి ఆనని ఈ గుర్తులను దర్యాప్తులో మొదటే చూడాలి.

ఇక చిరునామా. రౌటర్‌కు అనేక ఇంటర్‌ఫేస్‌లు ఉంటాయి, సందేశం ఏ దారిన బయటకు వెళ్తే ఆ ఇంటర్‌ఫేస్ చిరునామాతో చేరుతుంది. మార్గం మారితే చిరునామా మారుతుంది, సర్వర్‌లో ఒకే రౌటర్ రెండు పరికరాలుగా కనిపిస్తుంది. ఐఓఎస్ మొదటి అమరికలో సందేశంలో తన పేరు చేర్చదు కాబట్టి పోల్చుకోవడానికి వేరే ఆధారమూ ఉండదు. ఏ తీగతోనూ సంబంధం లేని లూప్‌బ్యాక్ అనే ఊహా ఇంటర్‌ఫేస్‌ను మూలంగా ఎంచుకోవడం, సందేశంలో పరికరం పేరు చేర్చమనడం ఈ చిక్కును తొలగిస్తాయి. వరుస సంఖ్యలు చేర్చితే మధ్యలో పోయిన సందేశాల జాడ తెలుస్తుంది. సంఖ్యల్లో ఖాళీ కనిపించినంత మాత్రాన దారిలో పోయాయని తేల్చేయకూడదు. తక్కువ తీవ్రత వల్ల రౌటరే పంపకుండా ఆపిన సందేశాలు కూడా అలాంటి ఖాళీని మిగల్చవచ్చు.

## వడపోత సర్వర్‌లోనే ఎందుకు

5 లేదా 6 వరకు పంపితే డిస్క్ సరిపోతుందా అన్నది న్యాయమైన సందేహం. లెక్క వేస్తే భయం తగ్గుతుంది. సందేశం 150 బైట్లు అనుకుందాం. ఒక రౌటర్ రోజుకు 500 సందేశాలు పంపితే 75,000 బైట్లు. అలాంటివి వంద ఉంటే రోజుకు 75 లక్షల బైట్లు, అంటే ఏడున్నర మెగాబైట్లు. సెకనుకు 100 సందేశాలు ఆగకుండా వచ్చినా రోజుకు దాదాపు 1.3 గిగాబైట్లే. లాగ్‌లు పదేపదే ఒకే మాటలున్న పాఠ్యం కాబట్టి కుదిస్తే బాగా చిన్నవవుతాయి. ఫైళ్లను రోజువారీగా మార్చి, పాతవాటిని కుదించి, గడువు దాటినవాటిని తొలగించే ఏర్పాటు లైనక్స్‌లో లాగ్‌రొటేట్ రూపంలో సిద్ధంగానే ఉంటుంది. ఆ ఏర్పాటు చేయకపోతే మాత్రం ఎంత పెద్ద డిస్క్ అయినా ఒకరోజు నిండుతుంది.

అంతకన్నా బలమైన కారణం మరొకటి ఉంది. రౌటర్ చేయగల వడపోత ఒక్కో సందేశాన్ని విడిగా చూసి చేసేది. సర్వర్ సందేశాలను కలిపి చూడగలదు. లింకు పడి పది సెకన్లలో లేస్తే ఊరుకో, లేవకపోతే హెచ్చరించు అనవచ్చు. వరుసగా విఫలమైన లాగిన్‌ల తర్వాత అదే చిరునామా నుంచి సఫలమైన లాగిన్ వస్తే వెంటనే తెలియజేయి అనవచ్చు. నిర్ణీత పని సమయానికి వెలుపల జరిగిన కాన్ఫిగరేషన్ మార్పును వేరు చేయవచ్చు. ఆర్‌సిస్‌లాగ్, సిస్‌లాగ్-ఎన్‌జీ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లు స్వీకరణ, వర్గీకరణ పనులను సమర్థంగా చేస్తాయి. వాటి మీద వెతుకులాట, విశ్లేషణ కోసం గ్రేలాగ్ వంటివి నిలుస్తాయి. నిబంధన తప్పుగా రాస్తే రేపు సరిదిద్ది పాత లాగ్‌ల మీద మళ్లీ నడపవచ్చు. రౌటర్‌లో కోసేసినదానికి ఆ అవకాశం లేదు.

నిజంగా పనికిరాని సందేశాలు ఉండవని దీని అర్థం కాదు. ఉద్యోగుల కంప్యూటర్లు కలిసే పోర్టులు రోజంతా పడుతూ లేస్తూ ఉంటాయి. అలాంటి పోర్టులలో లింక్ స్థితి సందేశాలను ఇంటర్‌ఫేస్ వారీగా ఆపేయవచ్చు. ప్రధాన లింకులకు మాత్రం ఉంచాలి. ఇలా ఫలానా చోటి ఫలానా సందేశం అక్కరలేదని ఎంచి తీసేయడానికీ, ఒక అంకెకు మించిన స్థాయిలవన్నీ గంపగుత్తగా వదిలేయడానికీ చాలా తేడా ఉంది.

## ఇతర పరికరాల్లో

జూనిపర్ రౌటర్లను నడిపే జూనోస్‌లో ఈ ఎంపిక మొదటి నుంచే సూక్ష్మంగా ఉంటుంది. ఒక్కో సర్వర్‌కు, ఒక్కో ఫెసిలిటీకి విడిగా స్థాయి పెట్టవచ్చు. కాన్ఫిగరేషన్ మార్పులకు ఒక ఫెసిలిటీ, నిర్వాహకులు టైపు చేసిన ఆదేశాలకు ఒకటి, లాగిన్ వ్యవహారాలకు ఒకటి ఉన్నాయి. మిగతావాటిని వార్నింగ్ దగ్గర ఆపి, ఈ మూడింటిని సమాచార స్థాయి వరకు పంపితే, పైన చెప్పిన ప్రమాదం తప్పుతుంది. మైక్రోటిక్ రౌటర్‌ఓఎస్‌లో ఆలోచన వేరు. అక్కడ సందేశాలకు అంశాల పేర్లు తగిలిస్తారు, ఏ అంశం మెమరీకి, ఏది డిస్క్‌కు, ఏది దూరపు సర్వర్‌కు వెళ్లాలో నిబంధనలుగా రాస్తారు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వంటి చిన్న రౌటర్ల వ్యవస్థలో లాగ్ మెమరీలోనే తిరుగుతూ ఉంటుంది, సర్వర్ చిరునామా ఇస్తే బయటకు పంపుతుంది. ఇళ్లలో వాడే చాలా రౌటర్ల సెట్టింగ్‌లలోనూ రిమోట్ లాగ్ సర్వర్ అన్న గడి ఉంటుంది. అక్కడ స్థాయిని మార్చే వీలు తరచూ పరిమితమే.

## మౌనాన్ని కూడా గమనించాలి

అమరిక పూర్తయ్యాక సర్వర్‌లో నాలుగు వరుసలు కనిపించగానే పని అయిందనుకోకూడదు. రౌటర్‌లో ఒక తాత్కాలిక లూప్‌బ్యాక్ ఇంటర్‌ఫేస్‌ను ఆపి, తిరిగి లేపి చూడాలి. తప్పుడు పాస్‌వర్డ్‌తో ఒకసారి, సరైనదానితో ఒకసారి లాగిన్ కావాలి. కాన్ఫిగరేషన్‌లోకి వెళ్లి బయటకు రావాలి. ఈ నాలుగు చర్యలకు సంబంధించిన సందేశాలు, సరైన సమయంతో, సరైన పరికరం పేరుతో, ఉద్దేశించిన ఫైలులో ఉన్నాయో లేదో చూడాలి. లేకపోతే ప్యాకెట్లను పట్టి చూపే సాధనంతో 514 పోర్టును గమనిస్తే, లోపం రౌటర్ పంపకపోవడంలో ఉందా, సర్వర్ రాసుకోకపోవడంలో ఉందా అన్నది తేలిపోతుంది.

చివరగా, దాడి చేసినవాడు మొదట చేసే పనుల్లో ఒకటి లాగ్‌లను నిలిపివేయడం. ఐఓఎస్‌లో కాన్ఫిగరేషన్ మార్పు సందేశం ఆ దశ నుంచి బయటకు వచ్చిన తర్వాతే వెలువడుతుంది. అంతకు ముందే సర్వర్ చిరునామాను తొలగిస్తే ఆ సందేశం వెళ్లడానికి గమ్యమే ఉండదు. రెండు సర్వర్లు ఉండి ఒక్కదాన్నే తొలగిస్తే రెండోదానికి కబురు అందుతుంది. రెండూ పోతే మిగిలే ఏకైక ఆధారం ఆ రౌటర్ నుంచి ఏమీ రాకపోవడం. ప్రతి రౌటర్ నుంచి చివరి సందేశం ఎప్పుడు వచ్చిందో సర్వర్ లెక్కపెట్టాలి. మామూలు విరామం దాటితే హెచ్చరించాలి. ఇది పనిచేయాలంటే రౌటర్ ఆరోగ్యంగా ఉన్న రోజుల్లోనూ కొన్ని సందేశాలు క్రమం తప్పకుండా వస్తూ ఉండాలి. సర్వర్ స్థాయిని 3 లేదా 4 దగ్గర ఆపితే రౌటర్ రోజులకొద్దీ ఏమీ పంపకపోవచ్చు. అప్పుడు ప్రశాంతంగా ఉన్న రౌటర్‌కూ, లాగింగ్ ఆగిపోయిన రౌటర్‌కూ సర్వర్‌లో తేడా కనిపించదు.